పదహారు గంటలు... ఇరవై నాలుగు మూటలు!

అమెరికా నుంచి మనవలొచ్చారంటే చిక్కడపల్లిలో ఆ ఇంటికి సంక్రాంతి ముందే వచ్చినట్టు. వాళ్లు తిరిగెళ్లే రోజు దగ్గరపడుతోందంటే మాత్రం ఇంటిల్లిపాదికీ ఒకటే గుబులు. చంటిపిల్లల్ని వెంటేసుకుని అంత దూరం ఎలా వెళ్తారు? కదలకుండా ఎలా కూర్చుంటారు? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఓ అమ్మమ్మ, ఓ తాతయ్య మూడు పేటలు తిరిగారు. వాళ్ల సంచిలోకి ఏమేం చేరాయో చూద్దాం రండి!

చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ వెనక సందు. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు. హాలు మధ్యలో రెండు పెద్ద సూట్‌కేసులు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఆవకాయ సీసాకి మూడు కవర్లు చుట్టి, దాన్ని పాత తువ్వాల్లో పెట్టి, ఆ తువ్వాలుని చీర మడతల్లోకి దోపడం ఈ ఇంట్లో అందరికీ తెలిసిన విద్యే. తాతయ్య చేతిలో తూకం కొక్కెం. ఇరవై మూడు కిలోలు దాటితే ఏదో ఒకటి బయటికి రావాల్సిందే.

అమ్మమ్మకి మాత్రం ఈసారి ఆ సూట్‌కేసుల ధ్యాసే లేదు. ఆవిడ ముందున్నది చిన్న బడిసంచి. ఏనుగు బొమ్మ ఉన్న నీలం సంచి. నాలుగున్నరేళ్ల మనవరాలిది. దాని పక్కనే పదమూడు నెలల చంటాడి సామాను.

సంగతేమిటంటే... నెలన్నర క్రితం కూతురు, అల్లుడు పిల్లల్ని తీసుకుని డల్లాస్ నుంచి వచ్చారు. అప్పటికి ఇద్దరు పెద్దవాళ్లున్నారు, ఇద్దరు పిల్లలు. అయినా పెద్ద యుద్ధమే అయింది. విమానం ఎక్కిన మూడు గంటలకే ట్యాబ్ ఛార్జింగ్ అయిపోయింది. పిల్ల పేచీ మొదలెట్టింది. అది చూసి చంటాడు అందుకున్నాడు. ముందు సీట్లో పెద్దమనిషి నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. నోరు తెరిచి ఏమీ అనలేదు. ఆ చూపు చాలు!

ఇంటికొచ్చిన రాత్రి కూతురు మంచం మీద కూలబడి ఒకే మాట అంది. ‘పిల్లలు పెద్దయ్యేదాకా ఇంక నేను రానమ్మా. మీరే రండి’.

‘అలాగేలే, ముందు అన్నం తిను’ అంది అమ్మమ్మ. ఆ మాట మాత్రం ఆవిడ మనసులోంచి పోలేదు. పెద్దయ్యేదాకా అంటే ఎన్నాళ్లు? తాతయ్య ఆ రాత్రి దీపం తీసేశాక లెక్కేశాడు. చంటాడు కుదురుగా కూర్చోవాలంటే కనీసం అయిదేళ్లు. ఆయనకిప్పుడు డెబ్భై మూడు. మోకాళ్ల నొప్పులు, బీపీ, మందుల డబ్బా. ‘మీరే రండి’ అనడం తేలికే!

అల్లుడికి సెలవులు అయిపోయి ముందే వెళ్లిపోయాడు. తిరుగు ప్రయాణంలో కూతురు ఒక్కతే, పిల్లలిద్దరూ. ఈ ప్రయాణం కూడా అలాగే సాగిందా... ఇక అంతే సంగతులు. అందుకే అమ్మమ్మ కొంగు బిగించింది.

ఇంటికో విమానం

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్... పేర్లు మూడైనా మనుషులు ఒక్కటే. పొద్దున్నే వేంకటేశ్వరస్వామి గుడి గంట, సాయంత్రం త్యాగరాయ గానసభలో ఏదో ఒక సభ, మధ్యలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య, సుదర్శన్, దేవి థియేటర్ల ముందు కుర్రకారు గోల. ప్రభుత్వోద్యోగాలు చేసి రిటైరైన వాళ్లు, బ్యాంకుల్లో పనిచేసిన వాళ్లు, మాస్టార్లు ఇక్కడ ఎక్కువ. వాళ్లంతా కడుపుకట్టుకుని పిల్లల్ని చదివించారు. ఆ పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయారు. అపార్ట్‌మెంట్‌లో ఏ తలుపు తట్టినా ఒక కొడుకు న్యూజెర్సీలోనో, ఒక కూతురు డల్లాస్‌లోనో ఉంటుంది.

ఇదేమీ ఒక్క పేట ముచ్చట కాదు. 2010-17 మధ్య అమెరికాలో అత్యంత వేగంగా పెరిగిన భాష తెలుగేనని అక్కడి జనగణన సమాచారాన్ని విశ్లేషించినవారు తేల్చారు. ఆ ఏడేళ్లలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగింది. అంతమంది అక్కడున్నారంటే అంతమంది అమ్మమ్మలూ నాయనమ్మలూ ఇక్కడ ఎదురుచూస్తున్నారనేగా!

ఒకప్పుడు విమానాశ్రయం ఈ పేటలకి కూతవేటు దూరం. 2008 మార్చి దాకా బేగంపేటే. ఆటో మాట్లాడుకుని వెళ్లి సాగనంపి, తిరిగొచ్చి కాఫీ తాగేవాళ్లు. ఇప్పుడు శంషాబాద్. చిక్కడపల్లి నుంచి దాదాపు ముప్ఫై కిలోమీటర్లు. మూడు గంటల ముందే అక్కడుండాలి. అక్కణ్నుంచి దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడ మూడు నాలుగు గంటల పడిగాపులు, ఆపైన డల్లాస్‌కి పదహారు గంటలు. ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మానికి లెక్కేస్తే ఒక పగలూ ఒక రాత్రీ దాటిపోతాయి. పెద్దవాళ్లకే నడుములు పట్టేస్తాయి. పిల్లల మాట చెప్పాలా!

తాతయ్య లెక్క

తాతయ్యది జమాఖర్చులు చూసిన ఉద్యోగం. కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు.

‘అసలు గండం ఈ పదహారు గంటలది. అందులో నిద్ర ఏడు గంటలనుకో. తిండికీ, బాత్‌రూమ్‌కీ కలిపి మూడు. మిగిలింది ఆరు గంటలు. నాలుగేళ్ల పిల్ల ఒక ఆట మీద పదిహేను నిమిషాలు నిలబడితే గొప్ప. గంటకి నాలుగు చొప్పున ఆరుగంటలకి...’

‘ఇరవై నాలుగు’ అంది అమ్మమ్మ.

ఇరవై నాలుగు రకాలు! అవీ ఎలాంటివి? బరువుండకూడదు. మోత మోగకూడదు. దొర్లిపోకూడదు. పక్కవాళ్లకి అంటుకోకూడదు. కింద పడితే దొరకాలి, దొరక్కపోయినా ఏడుపు రాకూడదు. బంతులూ గోళీలూ లేవిక. అచ్చంగిల్లాలు సీట్ల కిందకి దొర్లితే వాటికోసం తల్లి పాకాలి. ఈలబూరలు అసలే వద్దు. కత్తెరని భద్రతా సిబ్బంది ఆపేస్తారు. గుండ్రటి క్రేయాన్లు కూడా దొర్లిపోయేవే. మూడు పలకలుండేవి కొనాలి.

ఇన్ని షరతుల మధ్య మిగిలేవేంటి? అమ్మమ్మ చేతిసంచి పట్టుకుని మెట్లు దిగింది.

చేగోడీ ఉంగరాలు

మొదటి మజిలీ చిక్కడపల్లి మెయిన్‌రోడ్డు. తలమీద మెట్రో. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ... వరసగా మూడు స్టేషన్లు. 2020 ఫిబ్రవరిలో ఈ దారిలో రైళ్లు మొదలయ్యాయి. కింద మాత్రం పాత చిక్కడపల్లే. పూలబుట్టలు, కొబ్బరికాయలు, ఇంటివంటలు అమ్మే స్వగృహ దుకాణాలు.

అమ్మమ్మ అడిగింది చేగోడీలు. అవీ చిన్నచిన్నవి. దుకాణంలో అమ్మాయి కిలో తూయబోతే ‘పావుకిలో చాలమ్మా, ఇవి తినడానికి కాదు, ఆడుకోడానికి’ అంది. చేగోడీ వేలికి పెట్టుకుంటే ఉంగరం. పదివేళ్లకీ పది. ఒక్కొక్కటీ కొరుక్కుంటూ లెక్కపెట్టాలి. పది నుంచి ఒకటికి వెనక్కి. ఒక ఆట, కాస్త తిండి, కొంచెం ఎక్కాలు! అయితే ఇది పెద్దదానికే. గట్టి చేగోడీలు, వేరుశనగపప్పులు లాంటివి చంటివాళ్ల గొంతుకి అడ్డుపడతాయి. నాలుగేళ్లలోపు వాళ్ల చేతికి ఇవ్వకూడదు. చంటాడికి మెత్తని మరమరాలు చాలు. చిన్న డబ్బాలోంచి ఒక్కొక్కటే ఏరుకుని నోట్లో పెట్టుకోవడం వాడికి పెద్ద పని. పావుగంట ఇట్టే గడిచిపోతుంది.

రెండోది రవికె గుడ్డలు. పేరంటాల్లో ఇచ్చినవి, పుచ్చుకున్నవి ఏ ఇంట్లో చూసినా బీరువా నిండా ఉంటాయి. ఇచ్చినవాళ్లకీ గుర్తుండదు, తీసుకున్నవాళ్లకీ ఉండదు. అవి ఇన్నాళ్లకి పనికొచ్చాయి. ఒక్కో వస్తువునీ ఒక్కో రంగు గుడ్డలో మూటగట్టింది అమ్మమ్మ. రంగుకాగితంలో చుట్టి అతికిస్తే తనిఖీలో విప్పమంటారు, మళ్లీ చుట్టలేం. గుడ్డమూట అయితే విప్పడం ఎంత తేలికో, కట్టడం అంత తేలిక. పైగా ముడి విప్పడమే ఒక ఆట! చిన్నచిన్న వేళ్లకి ముడి లొంగదు. లోపల ఏముందో తెలీదు. విప్పాక ఆ గుడ్డ ఊరికే పోదు. బొమ్మకి చీర అవుతుంది, తలపాగా అవుతుంది, చంటాడితో దాగుడుమూతలకి తెర అవుతుంది.

మూటల్లో ఏం పెట్టిందంటారా? ఏటికొప్పాక బొంగరం ఒకటి. అంకుడు కర్రతో చేసి లక్కపూత పూసినది. భోజనం బల్లమీద తిప్పుకోవచ్చు. చిక్కుదారం ఆటకి మూరెడు దారం. గుడ్డమీద గళ్లు కుట్టిన అష్టాచెమ్మా, నాలుగు గవ్వలు. గవ్వలు ఎగిరిపోకుండా విమానంవాళ్లు ఇచ్చే కాగితం కప్పులో గిలకొట్టి బోర్లించాలన్నమాట. పాత పెళ్లిపత్రికల వెనకవైపు తెల్లకాగితాలు. బిందెలా, పడవలా, కప్పలా మడవడానికి సిద్ధంగా కత్తిరించినవి. ఒక మూటలో తాతయ్య పాత చేతిరుమాలు మాత్రమే ఉంది. దాన్ని ఎలుకలా మడవడం తాతయ్య నేర్పాడు.

అశోక్‌నగర్‌లో కొత్త సబ్జెక్టు

తాతయ్య మజిలీ అశోక్‌నగర్. సెంట్రల్ లైబ్రరీకి పేపర్లు చదవడానికి రోజూ వెళ్లే దారే అది. నెత్తిమీద ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ దాకా 2023 ఆగస్టులో తెరిచిన ఉక్కు వంతెన. కింద అడుగడుగునా కోచింగ్ సెంటర్ల బోర్డులు. గ్రూప్ వన్, గ్రూప్ టూ, ఎస్సై, కానిస్టేబుల్. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు భుజాన సంచితో, చేతిలో నోట్సుతో తిరుగుతుంటారు. సందుకో జిరాక్స్ షాపు. పాలిటీ, ఎకానమీ, తెలంగాణ ఉద్యమ చరిత్ర నోట్సులు ఫొటోకాపీ తీసి, స్పైరల్ బైండింగ్ చేసి గుట్టలుగా పేరుస్తుంటారు.

తాతయ్య ఫోన్‌లోంచి ఇరవై ఫొటోలు తీయించాడు. వంటింట్లో అమ్మమ్మ. తూకం దగ్గర కూరగాయల అవ్వ. లిఫ్టు తలుపు. గేటు దగ్గర పడుకునే కుక్క. ముగ్గు. మేడమీద వడియాలు. గుడి ముందు పూలబుట్ట. మెట్రో రైలు. చెరకురసం బండి. ఒక్కో ఫొటో పేజీకి ఒకటి, కింద పెద్ద అక్షరాల్లో తెలుగులో ఒక మాట.

బైండింగ్ చేసే కుర్రాడు పేజీలు తిరగేసి ‘ఇదేం సబ్జెక్ట్ సార్?’ అన్నాడు.

‘అమ్మమ్మ ఇల్లు’ అన్నాడు తాతయ్య.

కుర్రాడు నవ్వి పైన దళసరి ప్లాస్టిక్ అట్ట వేశాడు. ‘పిల్లలు కదా సార్, చింపుతరు’ అని తనే మూలలు గుండ్రంగా కత్తిరించి ఇచ్చాడు. అట్టకి అదనంగా డబ్బులు తీసుకోలేదు.

ఇంట్లో ఇంకో నిధి ఉంది. బైండు చేయించి దాచిన పాత చందమామలు. 1947 జులైలో మొదలై దాదాపు ఆరున్నర దశాబ్దాలు వచ్చిన పత్రిక అది. ఇప్పుడు రావడం లేదు. బైండు మొత్తం మోసుకెళ్లలేరు కాబట్టి అయిదు కథలు జిరాక్స్ తీయించాడు. చదవడం పిల్లకి రాదు. ఏం పర్లేదు... బొమ్మలు చూపిస్తూ తల్లి చెప్తుంది. తల్లి కూడా చిన్నప్పుడు అవే బొమ్మలు చూసింది మరి!

నారాయణగూడలో గొంతు బొమ్మలు

ఇక మూడోది నారాయణగూడ. ఇక్కడ కొనాల్సిందేమీ లేదు. గుర్తు చేసుకోవాల్సిందే ఉంది.

వైఎంసీఏ, రెడ్డి మహిళా కళాశాల, కేశవ్ మెమోరియల్ బడి, ఫ్లైఓవర్... నారాయణగూడ అంటే ఇప్పటివాళ్లకి ఇవే గుర్తులు. అమ్మమ్మ తరానికి మాత్రం నారాయణగూడ అంటే బాలానందం. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి దంపతులు 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘాన్ని మొదలుపెట్టారు. 1945లో ‘బాల’ అనే పత్రిక పెట్టారు. చిన్నతనంలో బాపు బొమ్మలూ, ముళ్లపూడి వెంకటరమణ కథలూ అచ్చయింది ఆ పత్రికలోనే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక అన్నయ్య, అక్కయ్య హైదరాబాద్ వచ్చారు. ఇక్కడ బాలానందానికి ఇల్లయింది నారాయణగూడే. వాళ్లకి సొంత పిల్లల్లేరు. తెలుగునాట రేడియో ఉన్న ప్రతి ఇంట్లోనూ వాళ్ల పిల్లలే!

ఆలోచిస్తే రేడియోదీ విమానం సీటుదీ ఒకటే కష్టం. రేడియోలో చూపించడానికి బొమ్మ లేదు, పరిగెత్తడానికి చోటు లేదు. ఉన్నదల్లా గొంతు ఒక్కటే. అయినా ఎక్కడెక్కడి పిల్లలూ రేడియో ముందు కదలకుండా కూర్చునేవాళ్లు. ఎందుకు? అన్నయ్య కథ చెప్పి ఊరుకోలేదు. పిల్లలతోనే చెప్పించాడు. వాళ్లతోనే పాడించాడు. నాటికలు వేయించాడు. పిల్లల్ని కూర్చోబెట్టాలంటే వాళ్లకి ఏదో చూపించడం కాదు, వాళ్ల చేత ఏదో చేయించాలి. ఈ రహస్యం ఆయనకి తెలుసు.

కాచిగూడలో పెరిగిన అమ్మమ్మ చిన్నప్పుడు అక్కడికి వెళ్లినావిడే. ఆ ముచ్చట గుర్తొచ్చి ఓ మధ్యాహ్నం కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది. ‘కథ నువ్వు చెప్పకు. సగం చెప్పి ఆపు. అప్పుడేమైంది అని దాన్నే అడుగు. కుక్కర్ కూత దాన్నే కూయమను. పిల్లి అరుపు దాన్నే అరవమను, గుసగుసగా’ అని నేర్పింది.

పొడుపుకథలు కూడా ఇంటి మీదే అల్లింది. ‘పొద్దున్నే ఈలేసి అందర్నీ లేపేది ఎవరు?’ కుక్కర్. ‘రోజంతా తిరుగుతుంది, గదిదాటి పోదు’. ఫ్యాను. ‘కళ్లకి పెట్టుకుని ఇల్లంతా వెతికేది ఏమిటి?’ తాతయ్య కళ్లజోడు! ఆ మూడోదానికి మనవరాలు పడీపడీ నవ్వింది. అలాంటివి పన్నెండు కాగితం మీద రాసి మూటలో పెట్టింది.

డాక్టర్లు చెప్పేది వినండి

ఆటలు సరే. పేచీకి కారణం ఒక్కోసారి విసుగు కాదు, నొప్పి. అది తెలుసుకోకపోతే ఎన్ని మూటలు విప్పినా దండగే. చిన్నపిల్లలతో బయల్దేరేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

* విమానం దిగేటప్పుడు చెవుల్లో ఒత్తిడి మారుతుంది. పిల్లల్లో చెవికీ గొంతుకీ మధ్య గొట్టం సన్నగా ఉంటుంది కాబట్టి బాధ ఎక్కువ. గుటక వేస్తే తెరుచుకుంటుంది. అందుకే పైకి లేచేటప్పుడూ, కిందికి దిగేటప్పుడూ చంటివాళ్లకి పాలు పట్టాలి. పెద్దపిల్లలకి గుక్కగుక్కగా నీళ్లు తాగించాలి. చెవిలో చీము, గట్టి జలుబు ఉంటే బయల్దేరేముందే డాక్టరుకి చూపించాలి.

* నిద్రపోతారని దగ్గు మందో, అలర్జీ మందో సొంతంగా పట్టకూడదు. కొందరు పిల్లల్లో అవి నిద్ర బదులు మరింత చిరాకు, హుషారు తెస్తాయి. ప్రమాదం కూడా.

* విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది. మంచినీళ్లు తరచూ ఇవ్వాలి. ఒకదానిమీద ఒకటి వేసే పల్చటి నూలు బట్టలు మేలు. పిల్లలకి రెండు జతలు, తల్లికి ఒక జత చేతిసంచిలోనే ఉండాలి.

* రెండేళ్లలోపు పిల్లలకి అంతర్జాతీయ ప్రయాణాల్లో మామూలుగా పెద్దల టికెట్‌లో పదిశాతం దాకా తీసుకుంటారు, సీటు ఉండదు. ముందు గోడ ఉన్న వరసలో తగిలించే తొట్టి కావాలంటే టికెట్ కొన్నప్పుడే అడగాలి. బరువు పరిమితి ఒక్కో సంస్థకీ ఒక్కోలా ఉంటుంది. కుదుపులొచ్చినప్పుడు పాపాయిని తొట్టిలోంచి తీసి ఒళ్లో పెట్టుకోవాల్సిందే.

* చేతిసంచిలో ద్రవాలు వంద మిల్లీలీటర్లకి మించకూడదన్న నియమం ఉన్నా, పసిపిల్లల పాలు, ఆహారం ప్రయాణానికి సరిపడా తీసుకెళ్లనిస్తారు. అమెరికా వెళ్లే విమానాల్లో 2018 నుంచి 350 మిల్లీలీటర్ల పరిమాణం దాటిన పొడులకి అదనపు తనిఖీ ఉంది. పాలపొడికి మినహాయింపు ఉంది. కందిపొడి, సున్నిపిండి పెద్ద సూట్‌కేసులోనే పెట్టండి. తినని పండ్లు దిగేముందే వదిలేయాలి.

* ట్యాబ్ పాపం కాదు. కానీ అది ఆఖరి అస్త్రం. రెండేళ్లలోపు వాళ్లకి తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. విమానంలో ఆ గంట కాస్త సాగినా తప్పులేదు. బొమ్మలు ముందే దించుకుని, చివరి నాలుగు గంటలకి దాచుకోవడమే తెలివి.

కుర్చీల విమానం

బయల్దేరడానికి మూడురోజుల ముందు ఆ ఇంట్లో విమానం ఎగిరింది! భోజనం బల్ల కుర్చీలు రెండు వరసల్లో వేశారు. చున్నీలతో నడుముకి బెల్టులు. తాతయ్య పైలట్. అమ్మమ్మ ట్రేలో ఉప్మా పెట్టుకుని ‘కాఫీ ఆర్ టీ?’ అంటూ వచ్చింది. ఎదురుసీటుని కాళ్లతో తన్నకూడదని, బెల్టు దీపం వెలిగితే లేవకూడదని, బాత్‌రూమ్‌లో నీళ్లు పెద్ద చప్పుడు చేస్తాయని, దానికి భయపడక్కర్లేదని అన్నీ ఆటలోనే చెప్పారు. చంటాడు తొట్టి బదులు బట్టలబుట్టలో ప్రయాణించాడు.

‘అమ్మమ్మా, నువ్వెక్కడ కూర్చుంటావ్?’ అంది మనవరాలు.

‘నేను ఈ విమానంలోనే వస్తానమ్మా’ అంది అమ్మమ్మ. పిల్లకి అర్థమైందో లేదోగానీ తల్లి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు ఇరవై నాలుగు మూటలకీ తాతయ్య నంబర్లు వేశాడు. ఒకేసారి విప్పకూడదని, గంటకి నాలుగు దాటకూడదని కూతురికి కాగితం రాసిచ్చాడు. దానికింద సంతకం కూడా పెట్టాడు, పాత అలవాటు!

అర్ధరాత్రి కారు వచ్చింది. చిక్కడపల్లి మెయిన్‌రోడ్డు ఖాళీగా ఉంది. ఆఖరి ఆట వదిలాక బైకుల మీద వెళ్తున్న కుర్రాళ్లు తప్ప ఎవరూ లేరు. నారాయణగూడ ఫ్లైఓవర్ దాటేసరికి ఇద్దరు పిల్లలూ నిద్రపోయారు. శంషాబాద్‌లో అద్దాల తలుపు దాకానే పెద్దవాళ్లకి అనుమతి. నీలం సంచి లోపలికి వెళ్లడం కనిపించింది. తర్వాత కనిపించలేదు.

వచ్చేసారికి...

మర్నాడంతా ఫోను పక్కనే కూర్చున్నారిద్దరూ. హాల్లో కుర్చీలు ఇంకా రెండు వరసల్లోనే ఉన్నాయి. సర్దాలని ఎవరికీ అనిపించలేదు. ఆ రాత్రి గడిచి, మర్నాటి ఉదయం పదింటికి ఫోను మోగింది. డల్లాస్‌లో అప్పుడు ముందురోజు రాత్రి.

‘ఎలా జరిగిందే?’ అంది అమ్మమ్మ. ఆ గొంతులో పరీక్ష ఫలితాలు చూసుకునే పిల్ల గుబులుంది.

కూతురు వరసగా చెప్పింది. తాతయ్య లెక్క మొదటి గంటలోనే తప్పిపోయింది. మొదటి మూట విప్పడానికే ఇరవై నిమిషాలు పట్టింది. ముడి అంటే అంత ఇష్టమైపోయింది పిల్లకి. విప్పినవాటిని మళ్లీ కట్టి, మళ్లీ విప్పింది. చేగోడీ ఉంగరాలు బ్రహ్మాండం. అష్టాచెమ్మా అట్టర్ ఫ్లాప్. రెండోసారి గిలకొట్టగానే ఒక గవ్వ మాయమైంది. చేతిరుమాలు ఎలుకని చంటాడు వదల్లేదు, దాన్ని పట్టుకునే నిద్రపోయాడు.

స్పైరల్ పుస్తకం పక్కసీట్లో ఉన్న పెద్దావిడ చేతిలోకి వెళ్లింది. ఆవిడకి తెలుగు రాదు. అయినా పిల్ల పేజీ పేజీ తిప్పి ‘దిస్ ఈజ్ అమ్మమ్మ, దిస్ ఈజ్ వడియాలు’ అంటూ పాఠం చెప్పింది. ఆవిడ ‘వడియాలు’ అని మూడుసార్లు పలికి తప్పు పలికినందుకు మొట్టికాయ తినబోయి తప్పించుకుంది.

‘మరి చంటాడు?’

‘దిగేముందు గంటసేపు ఏడ్చాడమ్మా. పాలు పట్టాను, ఎత్తుకుని నడిచాను, ఏం చేసినా ఆగలేదు. బెల్టు దీపం వెలిగాక నడవడానికీ లేదు. నాకూ ఏడుపొచ్చింది. పక్కసీటావిడే కాసేపు దీన్ని చూసుకుంది’.

అమ్మమ్మ మాట్లాడలేదు. ఆ గంటకి తన సంచిలో మూట లేదు. ఎవరి సంచిలోనూ ఉండదు. ఎంత సర్దినా ఒక గంట అలా మిగిలే ఉంటుంది. ఆ గంట గడవడానికి పక్కసీట్లో ఓ మంచిమనిషి ఉండాలంతే. విమానంలో చంటిపిల్ల ఏడుపు వినపడితే వెనక్కి తిరిగి గుర్రుగా చూసేముందు మనమంతా గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇదే.

‘మొత్తం ఎన్ని విప్పారే?’ తాతయ్య అడిగాడు. లెక్క కావాలి కదా!

‘పదకొండే నాన్నా. మిగతా పదమూడూ అలాగే దాచాను’.

‘ఎందుకూ, అక్కడ ఆడుకోనివ్వక?’

‘వచ్చేసారికి’ అంది కూతురు.

ఫోను పెట్టేశాక ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత తాతయ్య లేచి కుర్చీలు యథాస్థానంలో పెట్టడం మొదలెట్టాడు. అమ్మమ్మ బీరువా తెరిచి రవికె గుడ్డలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకుంది. తొమ్మిదున్నాయి. ఇంకో నాలుగు పేరంటాలకి వెళ్తే సరి!